విజ్ఞానశాస్త్రం దేని కొరకు?

(అండమాన్ ద్వీపాలలో జరిగిన అధ్యయన తరగతిలో రైల్వే, తపాలా ఉద్యోగులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రయాణీకుల రైలు నేటికీ తిరగని గడ్డమీద రైల్వే ఉద్యోగులు సమావేశమై, విజ్ఞానశాస్త్రం గూర్చీ తత్త్వశాస్త్రం గూర్చీ మాట్లాడుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఇక్కడికి వచ్చేటప్పుడు ఓడలో ఒక యువ సోదరుడు, ఆర్.ఎం.ఎస్.లో పనిచేసేవాడు, మమ్మల్ని సూటిగానే అడిగాడు. "అన్నగారూ, పెన్షను సంగతి, ఖాళీల సంగతి, పనిగంటల సంగతి ఇన్ని వుండగా తత్త్వశాస్త్రం మనకెందుకు? అది మఠాలలో వుండేవారికి గదా?" అని. ప్రశ్న న్యాయమైనదే. దానికి ఓడమీద మేము చెప్పిన జవాబు మాకే తృప్తి కలిగించలేదు. కావున ఈ ప్రసంగమంతా ఆ సోదరుడికి చెప్పవలసివున్న జవాబుగానే భావించవలసిందిగా కోరుతున్నాము.

ముందుగా ఈ చోటును గూర్చి ఒక మాట. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన ఈ పోర్ట్‌బ్లెయిర్ పట్టణంలో, నిన్న మనమందరం సెల్యులార్ జైలు చూచి వచ్చాము. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టిన ఆ కారాగారంలో ఏడు శాఖలు వుండేవి. ఒక ఖైదీ ముఖం మరొక ఖైదీకి కనబడకుండా దానిని కట్టారు. ఒక శాఖ ముందుభాగం మరొక శాఖ వెనుకగోడను చూస్తూ వుంటుంది. అది కూడా ఒక ఇంజనీరు లెక్క కట్టి వేసిన పథకమే. ఇటుక, సున్నం, కోణం, కొలత అన్నీ అందులో చక్కగా కుదిరాయి. కాని ఆ విద్య అంతా దేనికి ఉపయోగపడింది? మనిషిని మనిషి నుండి వేరుచేయడానికి. ఈ సంగతిని మనస్సులో వుంచుకోండి. తిరిగి దీని దగ్గరకే వస్తాము.

1933 మే నెలలో ఆ జైలులోని రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూనారు. వారి కోర్కెలు ఏమిటి? తినదగిన తిండి, రాత్రివేళ గదిలో దీపం, చదువుకొనడానికి పుస్తకాలు, పత్రికలు మొదలైనవి. ముక్కులో గొట్టం పెట్టి బలవంతంగా పాలు పోయగా మహావీర్ సింగ్ మరణించాడు. అదే నెలలో మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర కూడా ప్రాణాలు వదిలారు. నలభై రోజులకు పైగా సాగిన ఆ దీక్ష పిదప దీపం వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. ఆపైన ఆ జైలులో తరగతులు నడిచాయి. చరిత్ర, అర్థశాస్త్రం, తత్త్వశాస్త్రం, విజ్ఞానశాస్త్రం ఒకరికొకరు చెప్పుకున్నారు. లాహోరు కుట్రకేసులో శిక్షపడి ఇక్కడికి వచ్చి, తరువాతి కాలంలో మన హైదరాబాదులో స్థిరపడిన విజయకుమార్ సిన్హా ఈ జైలు జీవితం గూర్చి గ్రంథం వ్రాశారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువారు కూడా ఇక్కడి ఖైదును అనుభవించారు.

ఆకలితో చచ్చేవాడు దీపాన్ని, పుస్తకాన్ని ఎందుకు అడిగాడు? తెలిసికొనడం అనేది కడుపు నిండిన పిదప చేసే విలాసం కాదని వారు గ్రహించారు గనుక. జ్ఞానం వుంటేనే తన స్థితికి కారణమేమిటో మనిషికి తెలుస్తుంది. కారణం తెలిస్తేనే దానిని మార్చడానికి పూనుకొనగలడు. ఓడమీది ప్రశ్నకు ఇది మొదటి జవాబు.

మిత్రులారా! ఇక అసలు విషయానికి వస్తాము. విజ్ఞానశాస్త్రం అంటే ఏమిటి? రాకెట్లూ, కంప్యూటర్లూ, మందులూ విజ్ఞానశాస్త్రం కావు. అవి దాని ఫలితాలు. "ఇది నిజమని నీకు ఎట్లా తెలిసింది?" అని అడిగి, దానికి సాక్ష్యం చూపమని పట్టుబట్టే పద్ధతే విజ్ఞానశాస్త్రం. ఈ ప్రశ్న మన దేశానికి క్రొత్తది కాదు. మన ప్రాచీన తార్కికులు దీనినే ప్రమాణ విచారణ అన్నారు. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించారు. చార్వాకులు ప్రత్యక్షం తప్ప మరొకదానిని ఒప్పుకోలేదు. ఏది నమ్మదగినది, ఏది కాదు అని శతాబ్దాల తరబడి వారు వాదించుకున్నారు. అది తత్త్వశాస్త్రమే. ఆ వాదం లేకుండా విజ్ఞానశాస్త్రం పుట్టదు.

అనుమాన ప్రమాణానికి వారు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మీకు తెలిసినదే. కొండమీద పొగ కనబడుతున్నది గనుక అక్కడ నిప్పు వున్నది. ఈ ఉదాహరణను పరీక్షించడానికి అండమాన్‌ను మించిన చోటు లేదు. ఇక్కడికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ ద్వీపం వున్నది. మన దేశంలో నేటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. పద్ధెనిమిదవ శతాబ్ది చివర అది నిప్పులు కక్కడాన్ని నావికులు చూచారు. ఆ తరువాత ఒక శతాబ్దానికి పైగా నిద్రపోయినట్లు వుండి 1991లో తిరిగి మేల్కొన్నది. అక్కడ కొండమీద పొగ వుంటే లోపల నిప్పు వున్నమాట నిజమే. కాని బారాటాంగ్ ద్వీపానికి వెళ్ళండి. అక్కడ భూమిలో నుండి బుడగలు బుడగలుగా బురద పొంగుతూ వుంటుంది. దానికి కూడా అగ్నిపర్వతానికి ఇచ్చిన పేరునే తగిలించారు. కాని అక్కడ పైకి వచ్చేది వాయువు త్రోసిన చల్లని బురద. కరిగిన రాయి కాదు. పేరు ఒకటైనంతమాత్రాన కారణం ఒకటి కాదు. ప్రతి పొగా నిప్పు పొగ కాదనీ, పొగమంచూ ఆవిరీ దుమ్మూ కూడా పొగవలె కనబడతాయనీ నైయాయికులు ముందే హెచ్చరించారు. ఊహించడం సులభం, ఊహను పరీక్షకు నిలబెట్టడం కష్టం. ఆ కష్టాన్ని ఓపికగా పడడమే విజ్ఞానశాస్త్రం.

ఇది మన వృత్తికి ఎంత దగ్గరిదో చూడండి. తపాలా సోదరులు ఉత్తరంపై వేసే తేదీ ముద్ర ఏమిటి? అది ఒక సాక్ష్యం. ఫలానా చోట, ఫలానా దినాన ఈ ఉత్తరం మా చేతికి వచ్చినదని చెప్పే సాక్ష్యం. న్యాయస్థానాలు దానిని సాక్ష్యంగా పరిగణిస్తాయి. ఇంకు చాలక తేదీ కనబడకుండా ముద్ర వేస్తే సాక్ష్యం పోయినట్లే. ఇక రైల్వే సోదరుల విషయం. పాతకాలపు చేతి సిగ్నలును తలచుకోండి. తీగ తెగిపోతే బరువుకు దాని చెయ్యి తనంతట తానే ప్రమాద స్థితికి చేరుతుంది. ట్రాక్ సర్క్యూట్‌లో కరెంటు పోతే రిలే పడిపోతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. అంటే దారి ఖాళీగా వున్నదని రుజువైతే తప్ప ఖాళీగా లేదనే భావించాలి. తెలియని దానిని తెలిసినట్లు నటించరాదు. తెలియనప్పుడు మనిషి ప్రాణాన్ని ముందు పెట్టుకొని నిర్ణయించాలి. ఈ నియమంలో రెండు భాగాలు వున్నాయి. మొదటిది విజ్ఞానశాస్త్రం: తీగ, బరువు, విద్యుత్తు ఎట్లా పనిచేస్తాయనేది. రెండవది తత్త్వశాస్త్రం: సందేహం వచ్చినప్పుడు ఆలస్యం మేలా, ప్రాణం మేలా అనేది. సిగ్నలు కనిపెట్టినవాడు ఆ రెండవ ప్రశ్నకు జవాబు ముందే చెప్పుకున్నాడు గనుకనే తీగ తెగితే ఎర్ర దీపం వెలుగుతున్నది. ప్రతిదినం మీరు నమ్మి నడిచే ఆ సిగ్నలులో ఒక తత్త్వం దాగివున్నది. మఠాలకు వెళ్ళనక్కరలేదు.

ఇప్పుడు విజ్ఞానశాస్త్ర ప్రయోజనాన్ని గూర్చి ఆలోచిద్దాము. తెలిసికొనడం కొరకే తెలిసికొనడమా, లేక మనుషుల మేలు కొరకా అని లోకంలో పెద్ద వాదం వున్నది. ఈ ద్వీపాలకు ఈ వాదం పుస్తకాలలోది కాదు. ఈ ద్వీపాలు దానికి ప్రాణాలతో మూల్యం చెల్లించాయి.

1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. సముద్రం అడుగు కదిలింది, అలలు లేచాయి. ఆ అలలను బంగాళాఖాతం చుట్టూ వున్న రేవులలోని సముద్రమట్టం కొలిచే యంత్రాలు కాగితంపై గీశాయి. అంటే ఈ సముద్రంలో భూకంపం వలన పెద్ద అలలు పుడతాయనీ, అవి ఆవలి తీరానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుందనీ నూట ఇరవై సంవత్సరాలకు పూర్వమే సాక్ష్యం మన చేతిలో వున్నది. పసిఫిక్ మహాసముద్రానికి 1940ల చివరినుండే హెచ్చరిక కేంద్రం వున్నది. మన సముద్రానికి లేదు.

2004 డిసెంబరు 26, ఆదివారం. మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా సమీపాన సముద్రం అడుగున భూమి చీలింది. ఆ చీలిక ఉత్తరంగా ఈ ద్వీపాల క్రిందుగా సుమారు 1,300 కిలోమీటర్లు సాగింది. ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటిపైకి లేచాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, అక్కడి దీపస్తంభం నీటిలో నిలబడిపోయింది. కార్ నికోబార్‌లో తీరగ్రామాలు కొట్టుకొనిపోయాయి. మద్రాసు తీరానికీ మన ఆంధ్ర తీరానికీ అలలు చేరినది సుమారు తొమ్మిది గంటల ప్రాంతంలో. మధ్యలో రెండు గంటలకు పైగా వ్యవధి వున్నది. మిత్రులారా, రెండు గంటలంటే ఏమిటో మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? తంతి తీగ వున్న రోజులలో ఒక అత్యవసర వార్త దేశం ఈ కొననుండి ఆ కొనకు చేరడానికి అంత సమయం అక్కరలేదు. భూకంపాన్ని గూర్చిన ఒక వర్తమానం పదవినుండి దిగిపోయిన మాజీ మంత్రి చిరునామాకు ఫాక్సులో వెళ్ళిందని అప్పటి పత్రికలు వ్రాశాయి. చిరునామా తప్పితే ఉత్తరం ఏమౌతుందో తపాలా ఉద్యోగికి వేరే చెప్పాలా? మనదేశంలో మరణించినవారూ, జాడ తెలియనివారూ కలిసి 16 వేలకు పైగా. అన్ని దేశాలలో కలిపి రెండు లక్షలకు పైగా.

రైల్వేవారు మరువరాని సంగతి మరొకటి. ఆనాడు శ్రీలంకలో కొలంబో నుండి దక్షిణ తీరం వెంట పోతున్న సముద్రదేవి అనే ప్రయాణీకుల రైలు పెరళియ అనే చోట మొదటి అలకు ఆగిపోయింది. భద్రంగా వుంటుందని చుట్టుప్రక్కల జనం కూడా పెట్టెలలోకి ఎక్కారు. రెండవ అల ఆ రైలును పట్టాలతో సహా ఎత్తి పారవేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1,700 అని కూడా అంచనా వున్నది. ప్రపంచ రైల్వేల చరిత్రలో అంతకు మించిన విషాదం లేదు. భూకంపం వచ్చి అప్పటికి సుమారు మూడు గంటలు. రైలును ఆపించాలని టెలిఫోనులో ప్రయత్నించారు. వార్త సకాలంలో అందలేదు. పట్టా బాగున్నది, ఇంజను బాగున్నది, డ్రైవరు మెలకువగానే వున్నాడు. లేనిది ఒక హెచ్చరిక.

కావున ఆనాడు లేనిది జ్ఞానం కాదు. భూకంప శాస్త్రం వున్నది, అలల గణితం వున్నది, 1881 నాటి గీతలు వున్నాయి. ఆ జ్ఞానాన్ని తీరంలో వలలు సర్దుకొనే మనిషి వరకు చేర్చాలనే నిర్ణయం లేదు. ఆ నిర్ణయం ఏ ప్రయోగశాలలోనూ పుట్టదు. "ఎవరి ప్రాణం లెక్కలోకి వస్తుంది?" అనే ప్రశ్న నుండి అది పుడుతుంది. ఆ ప్రశ్న తత్త్వశాస్త్రానిది, ప్రజలది. ఇన్ని ప్రాణాలు పోయిన పిదప, 2007 అక్టోబరులో మన హైదరాబాదులోనే సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు ఆ కేంద్రం నుండి హెచ్చరిక వెలువడింది. ఆనాడు పెద్ద అలలు రాలేదు, హెచ్చరికను ఉపసంహరించారు. భూమి పైకి లేవక ప్రక్కకు జరిగినందువలన అట్లా జరిగింది. "ఉత్తుత్తి భయం పెట్టారు" అని కొందరు నవ్వారు. మనం నవ్వరాదు. తీగ తెగినప్పుడు ఎర్ర దీపం వెలగడం సిగ్నలు తప్పు కాదు గదా!

ఇందుకు ఆశ కలిగించే ఉదాహరణ కూడా మన తెలుగు తీరంలోనే వున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంతే బలమైన తుపాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. చనిపోయినవారు 967 మంది. అదీ తక్కువేమీ కాదు. కాని పదివేలకూ వెయ్యికీ గల తేడాను ఏది తెచ్చింది? 1983లో పైకి వెళ్ళిన ఇన్సాట్-1బి ఉపగ్రహం మేఘాలను చూపింది. తుపాను రక్షణ భవనాలు లేచాయి. లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఆకాశంలో కన్ను, నేలమీద గోడ, గ్రామంలో నమ్మకం కలిగిన మనిషి, ఈ మూడూ కలిసినప్పుడే విజ్ఞానశాస్త్రం ప్రాణం కాపాడింది. 2014లో ఈ అండమాన్ సముద్రంలో పుట్టిన హుద్‌హుద్ అక్టోబరు 8న ఈ ద్వీపాలను దాటి 12న విశాఖను తాకింది. మధ్యలోని నాలుగు దినాలను ఎవరు ఎట్లా వాడుకుంటారన్నదే అసలు ప్రశ్న. ఇక్కడి జంగ్లీఘాట్ రేవులో వలలు బాగుచేసుకొనే మన సిక్కోలు, విశాఖ మత్స్యకార కుటుంబాలకు ఆ ప్రశ్న విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

మిత్రులారా! ఇప్పుడు నాణానికి రెండవ వైపు చూడాలి. మనిషి విలువను మరచిన విజ్ఞానం ఏమి చేయగలదో కూడా ఈ ద్వీపాలే చూపుతాయి.

1858లో బ్రిటిష్‌వారు ఇక్కడ ఖైదీల వలసను స్థాపించినప్పుడు గ్రేట్ అండమానీయులు కొన్ని వేలమంది వుండేవారు. 1863 నుండి వారిని "అండమాన్ గృహాలు" అనే చోట్ల చేర్చారు. బయటివారి నుండి అంటుకొన్న రోగాలు వారిని తుడిచిపెట్టాయి. 1901 జనాభా లెక్కలలో వారు 625 మంది. 1961లో 19 మంది. ఇట్లా జనం కరిగిపోతున్న కాలంలోనే మారిస్ పోర్ట్‌మన్ అనే అధికారి వారిని నిలబెట్టి ఫొటోలు తీశాడు. తలలు, చేతులు, పాదాలు కొలిచాడు. ఆ వివరాలను లండన్ మ్యూజియానికి పంపాడు. కొలతలు శ్రద్ధగానే తీశాడు. 1880లో అతడే నార్త్ సెంటినెల్ ద్వీపం నుండి ఇద్దరు వృద్ధులనూ నలుగురు పిల్లలనూ పట్టి పోర్ట్‌బ్లెయిర్‌కు తెచ్చాడు. వృద్ధులిద్దరూ రోగంతో చనిపోయారు. పిల్లలను కొన్ని బహుమతులు ఇచ్చి తిరిగి దింపివచ్చాడు. ఆ ద్వీపంవారు నేటికీ బయటివారిని దగ్గరకు రానివ్వకపోవడంలో మనకు ఆశ్చర్యమెందుకు?

ఇందులో కొలత తప్పు కాదు. కొలిచే మనిషి ఎదుటివానిని మనిషిగా చూడకపోవడం తప్పు. వీరు మానవజాతి నిచ్చెనలో క్రింది మెట్టువారనే నమ్మకంతో కొలవడానికి వచ్చాడు గనుక, కొలత ఆ నమ్మకానికి బానిస అయినది. చూచేవాని మనస్సులో ముందే ఒక తత్త్వం వుంటుంది. దానిని ప్రశ్నించనివాడు తనకు ఏ తత్త్వమూ లేదనుకొంటాడు. అదే ప్రమాదం. మరి ఇదే విజ్ఞానశాస్త్రం వేరొక దృష్టితో వచ్చినప్పుడు ఏమి చెప్పింది? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2005లో ఒంగీల, గ్రేట్ అండమానీయుల జన్యువులను పరిశీలించి, వీరు యాభై నుండి డెబ్బై వేల సంవత్సరాల క్రిందట ఆఫ్రికా నుండి బయలుదేరిన తొలి మానవుల సంతతి కావచ్చునని సూచించారు. ఆ కాలనిర్ణయం గూర్చి తరువాతి పరిశోధకులు భిన్నాభిప్రాయాలు చెప్పారు. శాస్త్రంలో అది సహజం. కాని మనమందరం ఒకే వంశవృక్షపు కొమ్మలమన్న మాటలో భేదాభిప్రాయం లేదు. 2010 జనవరి 26న బోవా సీనియర్ అనే వృద్ధురాలు ఇక్కడ కన్నుమూసినప్పుడు, బో అనే భాష మాట్లాడే చివరి గొంతు ఆగిపోయింది. మన గణతంత్ర దినోత్సవం నాడే!

"అయితే పూర్వుల మాటలన్నీ నమ్మాలా?" అని అడుగుతారు. కాదు. కాని పూర్వుల మాట అయినంతమాత్రాన త్రోసివేయనూ రాదు. 2004లో లిటిల్ అండమాన్‌లోని ఒంగీలు సముద్రం వింతగా వెనుకకు పోవడం చూచి ఎత్తయిన చోటుకు వెళ్ళి బ్రతికారు. సుమత్రా ప్రక్కనే వున్న సిమెలూ ద్వీపంలో 1907 నాటి ఉప్పెనను "స్మాంగ్" అనే పేరుతో తాతలు మనుమలకు చెప్పుకుంటూ వచ్చారు. ఆ మాట విని పరుగెత్తినందున 2004లో అక్కడ సుమారు 78 వేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురే. ఇది నైయాయికులు చెప్పిన శబ్ద ప్రమాణం, ఆప్తవాక్యం. ఆప్తుడంటే తాను ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పేవాడు. ఆ మాట అనుభవం నుండి పుట్టింది, అనుభవానికి నిలబడింది. గ్రహణంనాడు గర్భిణిని గదిలో బంధించే మాట, చేతబడి పేర వృద్ధురాలిని కొట్టే మాట అట్లా నిలబడవు. రెండింటినీ ఒకే గాటికి కట్టేవాడు విజ్ఞానవాది కాడు. వాటిని పరీక్షించి వేరుచేసేవాడే విజ్ఞానవాది.

ఇక మన పనిచోటికి వస్తాము. ప్రమాదం జరిగినప్పుడు విచారణ జరుగుతుంది. మా సంఘ జీవితంలో ఎన్నో విచారణలను చూచాము. చాలాసార్లు నివేదిక చివర "మానవ తప్పిదం" అనే రెండు మాటలు వుంటాయి. చివర చెయ్యి పెట్టినవాడు ఎవడో కనుగొని అక్కడితో ఆపివేస్తారు. ఇది తార్కికంగా కూడా లోపమే. చివరి కారణం ఒక్కటే కారణం కాదు. 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాఫమ్ జంక్షన్ వద్ద రైళ్ళు ఢీకొని 35 మంది చనిపోయారు. ఒక సిగ్నల్ పనివాడు పాత తీగను సరిగా తీయకుండా వదిలినందువలన సిగ్నలు తప్పు చూపింది. అక్కడితో ఆపివుంటే ఒక మనిషి ఉద్యోగం పోయేది, సంగతి ముగిసేది. కాని విచారణ ముందుకు పోయింది. ఆ పనివానికి అంతకు ముందు పదమూడు వారాలలో దొరికిన సెలవు దినం ఒకే ఒక్కటి. చేసిన పనిని మరొకరు సరిచూచే ఏర్పాటు కూడా పనిచేయలేదు. కావున నివేదిక పనిగంటలకు హద్దు పెట్టాలన్నది, తనిఖీ పద్ధతిని మార్చాలన్నది. "ఎవరు?" అని అడిగి ఆగితే శిక్ష దొరుకుతుంది. "ఎందుకు?" అని అడుగుతూ పోతే మరుసటి ప్రమాదం ఆగుతుంది. పనిగంటలను గూర్చి మనం ఇచ్చే వినతిపత్రం కేవలం కోర్కెల చిట్టా కాదు. అది ప్రమాద కారణాలను గూర్చిన శాస్త్రీయ వాదన. దానిని అంకెలతో, రోస్టరు నకళ్ళతో, తేదీలతో సమర్పించడం నేర్చుకోవాలి. నినాదంతో తలుపు తెరచుకోవచ్చు. లోపలికి వెళ్ళాక సాక్ష్యమే మాట్లాడుతుంది.

మన తప్పును కూడా ఒప్పుకోవాలి. 1980లలో రిజర్వేషన్లకు కంప్యూటర్లు వస్తున్నప్పుడు సంఘోద్యమంలో చాలామంది యంత్రాన్నే శత్రువుగా చూచారు. ఉద్యోగాలు పోతాయనే భయం నిరాధారం కాదు. కాని యంత్రం వద్దనడంలోనే శక్తిని ఖర్చుచేసి, యంత్రం వలన మిగిలే శ్రమ ఎవరికి చెందాలి అనే ప్రశ్నను వెనుకకు నెట్టాము. ఆ శ్రమ పనిగంటల తగ్గింపు రూపంలో మనిషికి రావచ్చు. ఖాళీల రద్దు రూపంలో లెక్కల పుస్తకంలోకీ పోవచ్చు. యంత్రం ఆ రెండింటిలో ఒకదానిని ఎన్నుకోదు. మనుషులే ఎన్నుకుంటారు. నేడు కృత్రిమ మేధ వస్తున్నది. పాత తప్పును రెండవసారి చేయకుండా వుందాము.

ఈ ద్వీపాల ఎదుట నేడొక ప్రశ్న వున్నది. గ్రేట్ నికోబార్‌లో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్కేంద్రం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అందుకు సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి కావాలి. రేవు తలపెట్టిన గలతియా అఖాతం పెద్ద సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టే తీరం. ఆ ద్వీపం షోంపెన్‌ల నివాసం. 2004లో క్రుంగిన నేల కూడా అదే. ఓడలు మన దేశంలోనే సరుకు మార్చుకుంటే లాభం, రక్షణకు బలం అనే వాదనలో పస లేదని మేము అనము. కట్టగలమా అనేది ఇంజనీర్ల ప్రశ్న. కట్టవలెనా, ఎవరిని అడిగి, ఎవరు ఏమి కోల్పోయి అనేది వేరే ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండవదానికి కూడా జవాబుగా చూపడాన్ని మేము అంగీకరించము.

మన రాజ్యాంగంలో 1976 నాటి 42వ సవరణ ద్వారా పౌరుల ప్రాథమిక విధులు చేరాయి. 51-ఎ అధికరణం అందులో వైజ్ఞానిక దృక్పథాన్ని, మానవతావాదాన్ని ఒకే వాక్యంలో ప్రక్కప్రక్కన పెట్టింది. ఇది యాదృచ్ఛికమని మేము భావించడం లేదు. మానవత లేని వైజ్ఞానిక దృక్పథం సెల్యులార్ జైలు పటం గీస్తుంది. వైజ్ఞానిక దృక్పథం లేని మానవత, అలలు వస్తున్నప్పుడు తీరాన నిలబడి ఏడుస్తుంది. రెండూ కలిసినప్పుడే హెచ్చరిక సకాలంలో చేరుతుంది.

కావున మిత్రులారా, మీ శాఖలకు తిరిగి వెళ్ళాక నెలకొక సాయంత్రం ఇట్లా కూర్చోండి. ఒక సర్క్యులర్ వచ్చినా, ఒక యంత్రం వచ్చినా, ఒక వార్త వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఇది నిజమని ఎట్లా తెలిసింది? ఇది ఎవరి మేలు కొరకు? దీని మూల్యం ఎవరు చెల్లిస్తారు? మొదటి ప్రశ్న విజ్ఞానశాస్త్రానిది. మిగిలిన రెండూ తత్త్వశాస్త్రానివి. మూడింటినీ కలిపి అడిగే చోటు సంఘం.

ఓడమీద ప్రశ్న అడిగిన సోదరుడు ఇక్కడే ముందు వరుసలో కూర్చుని వున్నాడు. "తత్త్వశాస్త్రం మనకెందుకు?" అని అడిగిన ఆ క్షణంలోనే తాను తత్త్వవిచారం మొదలుపెట్టినట్లు ఆయన గమనించివుండరు. ఏదైనా దేనికి అని అడగడమే దాని ఆరంభం. రాత్రి గదిలో ఒక దీపం కొరకు, ఒక పుస్తకం కొరకు ప్రాణాలిచ్చిన వారి గోడలు ఇక్కడికి దగ్గరలోనే వున్నాయి. మనకు నేడు దీపమూ వున్నది, పుస్తకమూ వున్నది. వాటిని ఉపయోగించుకొనడమే వారికి మనం చెల్లించగల బాకీ.